పన్నెండో గీత

నాయన ఫోను ఎత్తడం లేదు. మోగుతోంది, మోగి మోగి ఆగిపోతోంది, ఆ తర్వాత ఎవరో అమ్మాయి కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చి మీరు పిలిచిన వారు స్పందించడం లేదు అంటోంది, హిందూపురంలో ఫోన్లకు కూడా రెండు భాషలు తప్పవు. స్పందించడానికి ఫోను ఆయన జేబులో ఉంటే కదా, ఆటో హ్యాండిలు కింద అరలో పసుపు గుడ్డలో చుట్టి పెడతాడు, బిడ్డ కొనిచ్చిందని, దుమ్ము పడకూడదని, ఫోను అనేది మాట్లాడటానికి అని ఎన్నిసార్లు చెప్పినా సరే మా అంటాడు, మళ్ళీ గుడ్డలో చుడతాడు. రైలు ఇంకా కదల్లేదు. కిటికీ పక్కన చోటు దొరికింది, దొరికినందుకు ఒక క్షణం సంతోషం కూడా కలిగింది, ఎంత సిగ్గులేని పుటక నాది, అక్కడ కన్నతండ్రి పెనుకొండ కొండ రోడ్డు మీద ఆటో నడుపుతున్నాడు, ఆ ఆటోకున్న బ్రేకు పైపు ఆయుష్షు రెండు నెలల కిందటే తీరిపోయింది, ఆ సంగతి ఈ లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకేమో కిటికీ పక్కన చోటు దొరికిందని సంతోషం. ఎదురు సీటులో ఒకామె సీతాఫలాల గంప కాళ్ళ మధ్య పెట్టుకుని నన్నే చూస్తోంది. చెమటలు పడుతున్నాయమ్మా నీకు, అంది. పరిగెత్తుకొచ్చాను అన్నాను. అది నిజమే.

పొద్దున ల్యాబులో టీ కప్పు ఇంకా నోటి దాకా పోలేదు, ఫోను వచ్చింది. ధర్మవరం మార్కండేయులు, ఆటోస్టాండు పక్కన షెడ్డు, పోయినేడు మా కంపెనీ పరీక్షకు ఆటోలకు బ్రేకు పైపులు బిగించిన మెకానిక్కు. ఎంత మర్యాదగా మొదలుపెట్టాడో.

"ఆయుధపూజ వస్తాండాది గదా మేడమ్. పోయినేడు మీరు పెట్టిపోయిన పైపుల డబ్బా అయిపాయ. ఈ పండక్కి ఇంగొక డబ్బా పంపిస్తారేమో అని."

"ఏ డబ్బా? అది పైపు పాడైతే మార్చడానికి ఇచ్చింది కదన్నా?"

"పాడయ్యేదాంకా యాడ పెట్టుకుంటాం మేడమ్. పండగ పూట బండికి పాత రబ్బరు ఉండగూడదు. పూజకు ముందురోజు పదకొండు బండ్లకూ నేనే మార్చినా, దుడ్లు గూడా తీసుకోలా. మీ కంపెనీదే, అచ్చం అదే పైపు. మీ నాయన ఒక్కడే మార్చనీలా. నా బిడ్డ చెప్పేదాంకా దాన్ని ముట్టుకోగూడదు అని చెయ్యి అడ్డం పెట్టె."

టీ కప్పు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. పదకొండు బండ్లకూ. వేరే ఊరి వాళ్ళకైతే ఇది తట్టేది కాదేమో, పాత రబ్బరుతో పూజకు కూర్చోబెడితే బండికి అవమానమని మా స్టాండు వాళ్ళకే తెలుసు. నేను ఆ స్టాండులో పుట్టి పెరిగిన దాన్ని. దసరా నాటికి చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి బంతిపూల దండ, ముందు రెండు అరటి పిలకలు, మా నాయన దూదేకుల కాలేసాబ్ ఆటో కూడా ఆ వరసలోనే, నిమ్మకాయల సంచి తెచ్చేది కూడా ఆయనే, గుమ్మడికాయ పగలగొట్టేటప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకునేవాడు. అన్నీ కళ్ళారా చూసిన దాన్ని, పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ నెల ఏం కొలవాలి అని పట్టిక గీసేటప్పుడు ఆ పండగ గుర్తుకు రాలేదు. పట్టికలో అక్టోబరు అనే ఉంది. అక్టోబరు అంటే మా స్టాండులో ఏమిటో నా చదువు మింగేసింది.

పన్నెండు ఆటోలు. జూలైలో పన్నెండింటికీ మా పైపులు వేశాం. బ్రేకు తొక్కితే ఆయిలు చక్రం దాకా పోయేది ఆ రబ్బరు పైపులోంచే, వేలెడు లావు, మూరెడు పొడవు, ఆటోలో ఎక్కినవాళ్ళ ప్రాణమంతా దాని మీదే. వయసు మీద పడేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, మొదట్లో మెల్లగా, ఆరేడు నెలలు దాటాక గబగబా, చివరకు ఎండిన చింతకాయ తొక్కలా పెళుసై చీలిపోతుంది. అన్నీ చీలిపోయేదాకా కూర్చుని లెక్కపెట్టే ఓపిక కంపెనీకి ఎక్కడిది, అందుకే నెలకోసారి పోయి గేజీ నొక్కి, గట్టిదనం ఎంతకొచ్చిందో చూసి, ఆ అంకెల్ని సాఫ్ట్‌వేర్‌లో వేస్తాం. ఒక్కో ఆటోకు ఒక్కో గీత. ఇంతకు మించి గట్టిపడితే పైపు పోయినట్టే అనే చోట అడ్డంగా ఒక ఎర్ర గీత. మిగతాది దాని పని, ఉన్న చుక్కల్ని చూసి గీతల్ని రేపటిలోకి లాగుతుంది, ఇదిగో ఇక్కడ తాకుతాయి, సగం పైపులు ఫలానా నాటికి పోతాయి, నూటికి పది అంతకు ముందే పోతాయి అని చెబుతుంది, చెప్పిన దానిలో ఎంత అనుమానం ఉందో చుట్టూ నీడ గీసి మరీ చూపిస్తుంది. దానికి అబద్ధం రాదు. పెట్టింది తింటుంది. మధ్యలో పండగ వచ్చి పదకొండు పైపులూ కొత్తవైపోయాయని దానికెవరు చెప్పాలి, నాకే ఎవరూ చెప్పలేదు. దసరా ముందు కొలవాల్సింది సెలవులని కొలవలేదు, పండగయ్యాక పోతే అంకెలు కాస్త తగ్గి ఉన్నాయి. రబ్బరుకు పడుచుతనం తిరిగి రాదని చదువుకున్న దాన్ని, చదువుకుని కూడా, అంతకు ముందే గేజీని సరిచేయించడానికి బెంగుళూరు పంపాం కాబట్టి అంతకు ముందటి అంకెలే ఎక్కువ చూపి ఉంటాయిలే అనుకున్నాను. పన్నెండో ఆటో అంకె తగ్గలేదు. అది మాత్రం పెరిగింది. గేజీ సరైతే అన్నిటికీ సరవ్వాలి కదా అని ఒక్క పూట కూర్చుని ఆలోచించి ఉంటే ఇవ్వాళ ఈ రైలు ఎక్కేదాన్ని కాదు.

కదిలింది. స్టేషను జారిపోతోంది, గోడల మీద కాలేజీల పేర్లు, ఇటుకల బట్టీ, ముళ్ళకంపలు, ఎవరో ఫోనులో పెద్దగా పాట పెట్టారు, ఆపండి అని అరవాలనిపించింది, అరిస్తే ఏడుపొస్తుందని మానుకున్నాను. మార్కండేయులు మాట విన్నాక మొదట నాయనకు చేశాను, ఎత్తలేదు, అమ్మకు చేశాను. మీ నాయన ఈడ యాడుండాడు, పొద్దున్నే పోయె, నరసప్ప మనవరాలికి పుట్టెంట్రుకలంట, పెనుకొండ కొండ మీద గుడికాడ, రెండాటోల జనం, మీ నాయనా, మన స్టాండు సంజీవప్పా బండ్లు తీసుకొని పోయినారు, ఎందుకు మా, అట్ల వగర్చుకుంటా అడుగుతాండావు, అంది. ఏం లేదమ్మా అన్నాను. ఏం లేదని ఆమెకు చెప్పేశాక ఇక నాకు చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు. మార్కండేయుల్ని సంజీవప్ప నంబరు అడిగితే ఇచ్చాడు, అది స్విచాఫ్. కొండకాడ సిగ్నలు సరిగా రాదు మేడమ్, పైనకి పోతే రోంత తగుల్తాది, అని ధైర్యం చెప్పాడు, వాడికేం తెలుసు పాపం, ఈ పండక్కి డబ్బా వస్తుందా రాదా అన్నదే వాడి దిగులు. బస్సు కంటే రైలే ముందు చేరుతుందని ఆటోవాడు చెబితే స్టేషనుకు వచ్చాను, గేజీ ఒక్కటి సంచిలో వేసుకుని. ఎందుకు వేసుకున్నానో. ముందు అంకె కొలిచి ఆ తర్వాత నాయనను కౌగిలించుకుంటానా.

పదిహేను రోజుల కిందట ఫోనులో అననే అన్నాడు. బ్రేకు తొక్కితే రోంత మెత్తగా దిగుతాండాది మా, ఆయిలు పోయించినా, మళ్ళా తగ్గింది, మళ్ళా పోయించినా, అని. నేను ఏం చేస్తున్నాను అప్పుడు, కంపెనీ చేసిన రెండో లాటు పైపుల పరీక్షకు బొమ్మలు గీస్తున్నాను, గీతలకు ఏ రంగు బాగుంటుందా అని చూస్తున్నాను, ఊఁ అన్నాను, సరే నాయనా అన్నాను. ఆయిలు ఊరికే ఎందుకు తగ్గుతుంది. ఎక్కడో చెమ్మ పడుతోంది, పైపు సన్నగా చీలుతోంది, మొదటి ఏడాది చదివే పిల్లకు తెలుస్తుంది ఆ మాట వినగానే. నాయనకొక అలవాటు, బండి తీసే ముందు బ్రేకు రెండుసార్లు తొక్కి చూస్తాడు, బండికి సలాం పెట్టినా అంటాడు. నన్ను బడికి తీసుకెళ్ళే రోజుల్లో కూడా అంతే, రెండుసార్లు తొక్కేవాడు, నేను వెనక సీటులోంచి లెక్కపెట్టేదాన్ని, ఒక్కసారే తొక్కితే నాయనా ఇంకోటి అని అరిచేదాన్ని, నీకు తెలుసా లేదా అని పరీక్ష పెట్టినా అనేవాడు నవ్వి. ఈ మధ్య ఎన్నిసార్లు తొక్కాల్సి వస్తోందో. మెత్తగా ఉన్న బ్రేకును మూడు నాలుగు సార్లు తొక్కితే గట్టిపడుతుంది, అంతటితో బాగుందిలే అనుకుని పోతూ ఉంటాడు, బిడ్డ పెట్టిన పైపు మరి. ఎండలో రబ్బరు, కొండ దిగుతున్నంతసేపూ కాలు బ్రేకు మీదే, ఆయిలు కాగిపోయి పైపును లోపలి నుంచి నెడుతూ ఉంటుంది.

ఇది మాలుగూరు. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు, అయినా ఆగింది. కదలవే. నాయన ఫోను మళ్ళీ మోగి మోగి ఆగింది.

మార్చిలో ఉదయ్ కుమార్ సారు నా సీటు పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర మీద పన్నెండు గీతలు, పదకొండు నేలకు పడుకున్నట్టు, పన్నెండోది ఒక్కటే తల ఎత్తుకుని పైకి పోతోంది, పన్నెండో నెల దగ్గర ఎర్ర గీతను కొడుతోంది. ఇదేంటి సఫియా, గుంపులో కలవడం లేదు, అన్నాడు. నేనూ అదే చూస్తున్నాను సార్, అన్నాను. ఎవరిదీ ఆటో? కాలేసాబ్ అని ఒక డ్రైవరు సార్.

ఒక డ్రైవరు. నా నోటితోనే అన్నాను. నా పేరు పక్కన తండ్రి పేరు ఉద్యోగం కాగితాల్లో ఉంది, ఆయన చూసి ఉండడు, చూసినా గుర్తుండదు, మా నాన్న సార్ అంటే సొంతవాళ్ళ బండిని పరీక్షలో పెట్టావా అంటాడని భయం, ఆటో డ్రైవరు కూతురా అంటాడని సిగ్గు, రెంటిలో ఏది ఎక్కువో ఇప్పుడు నిలదీస్తే సిగ్గే ఎక్కువ. బండి పాతదై ఉంటుంది, ఎండలో పెడతాడేమో, ఒక్కడి కోసం పదకొండు మందిని అనుమానిస్తామా, తీసేయండి, అన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు, పిల్లల పుట్టినరోజుకు ఆఫీసంతా కేకు పంచుతాడు. ఈ వరసను లెక్కలోంచి తీసేయాలా అని సాఫ్ట్‌వేర్ ఒకసారి అడిగింది, మర్యాదగానే అడిగింది, అవునని నొక్కాను. గీత పోయింది. నీడ చిక్కిపోయి సన్నబడింది, మిగతా పదకొండు గీతలూ హాయిగా ఐదేళ్ళ అవతలికి పోయాయి, ఎంత బాగుందో బొమ్మ, రంగులు కూడా కుదిరాయి. నాయనను తీసేస్తే లోకం ఐదేళ్ళు బతికింది.

ఆ సాయంత్రమైనా ఫోను చేసి, నాయనా ఆ పైపు మార్చుకో అని చెప్పి ఉండొచ్చు కదా. ఎందుకు చెప్పలేదు అని నన్నెవరూ అడగరు, నేనే అడుగుతున్నా. చెబితే ఆ అంకె నిజమని నేను ఒప్పుకున్నట్టు. నిజమైతే పైపు చెడ్డది, పైపు చెడ్డదైతే రిపోర్టు తప్పు. అంకె తప్పని రాసి పంపాను కాబట్టి అంకె తప్పే, తప్పు అంకె ఉన్న పైపు మంచిదే, మంచి పైపును మార్చడమెందుకు. తాను కట్టిన గోడ మీద తానే కాలు జారకుండా నడవాలని చూసేవాళ్ళు ఇట్లాగే ఆలోచిస్తారు. ఆయనేమో అక్కడ చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, స్టాండు మొత్తం కొత్త రబ్బరు వేసుకుని పూజకు కూర్చుంటే తానొక్కడూ పాత పైపుతో, మార్కండేయులు ఊరికే వేస్తానన్నా వద్దని. నేను చెప్పిన మాట ఏమిటి, ఎవరినీ ముట్టుకోనివ్వద్దు నాయనా, నేను చెప్పేదాంకా. ఆ తర్వాత నేను చెప్పడం మర్చిపోయాను. పరీక్ష అయిపోయింది అని పన్నెండు మందిలో పదకొండు మందికి మెకానిక్కు చేత చెప్పించాను, ఇంట్లోవాడే కదా నేనే చెబుతాలే అనుకున్నాను, రంజానుకు ఇంటికి పోయినప్పుడు బిర్యానీ తిని వచ్చాను. పన్నెండు మందిలో చెప్పిన మాట నిలబెట్టుకున్నది ఆయనొక్కడే. నిలబెట్టుకున్నందుకు ఆయన గీతనే చెరిపాను.

సీతాఫలాలామె ఒక పండు తుడిచి నా ఒళ్ళో పెట్టింది. తిను మా, కండ్లు తిరుగుతాయి, అంది. వద్దంటే వినదు. పండు పట్టుకుని కూర్చున్నాను, వేళ్ళకు మెత్తగా తగులుతోంది, మెత్తగా ఉన్నది ఏదైనా ఇప్పుడు నాకు మంచిదే అనిపిస్తోంది. బయట బండరాళ్ళ గుట్టలు, వేరుశనగ పీకుతున్న మనుషులు, తలలకు తువ్వాళ్ళు. ఉదయ్ కుమార్ సారు ఫోను. చెప్పకుండా లేచి వచ్చేశాను కదా, రెండో లాటు కాగితాల మీద నా సంతకం కావాలి కదా. కట్ చేశాను. మళ్ళీ చేశాడు, మళ్ళీ కట్ చేశాను. రెండో లాటు అనుకోగానే మొదటి లాటు గుర్తొచ్చింది, ఎండాకాలంలోనే దుకాణాలకు పోయింది, ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఆటోలకు బిగించారో, కదిరిలో గోరంట్లలో మడకశిరలో, ఒక్కో దానికీ ఇప్పుడు నాయన గీతే గీత. నిజమైన గీత అదొక్కటే. అంటే ఆ పదకొండు ఆటోలకూ, పోయినేడు దసరాకు మార్చారు, ఈ దసరా వస్తోంది, పన్నెండు నెలలు, సంజీవప్పది కూడా, పన్నెండో నెల దగ్గరే కదా అది ఎర్ర... తర్వాత. అవన్నీ తర్వాత. ముందు నాయన. ఒక్క నాయన దిగి వస్తే ఆ తర్వాత ఎవరి కాళ్ళైనా పట్టుకుంటాను, ఉద్యోగం పోతే పోనీ, స్టాండుకు పోయి పదకొండు మంది ముందూ నిలబడి చెబుతాను. ముందు నాయన ఫోను ఎత్తనీ. సాఫ్ట్‌వేర్ చెప్పేది నడిమి మాట, సగం పైపులు అంతకు ముందే పోతాయి, సగం ఆ తర్వాత. రెండు నెలలు దాటినా నిలిచిందంటే నాయనది ఆ రెండో సగం. ఇంకో గంట నిలవాలి. లెక్కలు చెప్పే మనిషిని, ఇప్పుడు దువా చేస్తున్నా.

పెనుకొండ రాకముందే సిగ్నలు దగ్గర రైలు ఆగింది. కార్ల ఫ్యాక్టరీ ముందు కొత్త కార్లు వరసలు వరసలుగా ఎండలో మెరుస్తున్నాయి, వాటి అవతల కొండ, కొండ మీద పాత కోట గోడల ముక్కలు, ఎంత దగ్గరగా ఉందో, చెయ్యి చాపితే అందేటట్టు. రోడ్డు మాత్రం ఇటువైపు నుంచి కనిపించదు. ఫోను మోగింది. నాయన.

"ఏం మా సఫీ, ఇన్నిసార్లు చేసినావు. ఇప్పుడే చూస్తి. ఈడ పాపకు గుండు చేయిస్తాంటే ఒకటే ఏడుపు..."

"నాయనా, యాడుండావు?"

"కొండపైనే. అంతా అయిపాయ. అందరూ ఎక్కినారు, దిగుదామని..."

"దిగొద్దు! బండి ఆపు. నీ బ్రేకు పైపు బాగలేదు నాయనా."

"నువ్వు పెట్టిందే గదా మా."

"నేను పెట్టిందే. బాగలేదు. అందర్నీ దించెయ్, బండి కదిలించొద్దు. నేను పెనుకొండలోనే ఉండా, వస్తాండా. నేనొచ్చేదాంకా ఆడనే ఉండు."

ఎందుకు, ఏమైంది, ఏమీ అడగలేదు. "సరే మా. నువ్వు చెప్పేదాంకా కదలను," అన్నాడు, అంతే, సిగ్నలు పోయింది.

ఏడ్చాను. రైలంతా చూస్తుండగా, పండు ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచి చిన్నపిల్లలా ఏడ్చాను, సీతాఫలాలామె ఏమీ అడక్కుండా నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఉన్నాడు. కొండ మీద ఉన్నాడు, నా మాట విన్నాడు, కదలడు, కదలనన్నాడంటే కదలడు, పోయినేటి నుంచి చూడటం లేదూ. ఆటోను అక్కడే వదిలేసి నడిచి దిగుదాం ఇద్దరం, దారిలో అన్నీ చెబుతా, నువ్వు ఒక డ్రైవరు అన్నాను నాయనా అని కూడా చెబుతా, నవ్వుతాడు, డ్రైవర్నే గదా మా అంటాడు. ఆయన నవ్వు గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది, ఏడుపులోనే. అప్పుడు, ఆ నవ్వు మధ్యలో, నేనేం చెప్పానో మళ్ళీ చెవిలో వినపడింది. నీ పైపు బాగలేదు అని చెప్పాను. సంజీవప్ప ఆటో సంగతి చెప్పలేదు. తర్వాత అని ఎక్కడో లోపల పెట్టినదాన్ని తీయడమే మర్చిపోయాను. మార్చిలో ఆఫీసులో ఏం చేశానో ఇప్పుడూ అదే చేశాను, పన్నెండోదాన్ని పక్కకు తీసి పదకొండింటిని మంచివనుకోనిచ్చాను. వెంటనే చేశాను. అందుబాటులో లేరు. సంజీవప్పకు చేశాను, స్విచాఫ్. నాయనకు. సంజీవప్పకు. వేళ్ళు చెమటకు జారి వేరే ఎవరికో పోయింది. రైలు ఇంకా సిగ్నలు దగ్గరే ఉంది, దిగి పరిగెత్తుదామని తలుపు దాకా పోయాను, అక్కడ ఫోను మోగింది.

"ఏం భయపడొద్దు మా. బండి పక్కకు పెట్టినా, చక్రాలకు రాళ్ళు గూడా పెట్టినా."

"వాళ్ళు యాడుండారు నాయనా, నరసప్పోళ్ళు?"

"వాళ్ళందర్నీ సంజీవప్ప ఆటోలో ఎక్కించి పంపిస్తి. రోంత ఇరుకే, రెండు బండ్ల జనం గదా, ఏం జేస్తాం, పాపకు ఎండ తగుల్తాండె. మా బిడ్డ కంపెనీలో ఇదే పని చూస్తాది, అది వద్దనిందంటే వద్దు అని నేనే నచ్చజెప్పి ఎక్కిస్తి."

"ఆపు నాయనా, ఆయప్పను ఆపు, పిలువు!"

"పోయినాడు గదా మా, ఈడ్నుంచి పిలిస్తే యాడ వినపడ్తాది. ఎందుకు? ఆయప్పది కొత్త పైపే. పోయినేడు పూజకు మార్కండేయులు ఏసింది."

ఎర్ర గీత అని ఈయనకు ఎట్లా చెప్పాలి, పన్నెండు నెలలు అని, నీది ఎట్లా గట్టిపడిందో అదీ అట్లాగే అని, ఇంతమందితో దిగితే అని. తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని కొండ వైపు చూశాను, గోడల ముక్కలు తప్ప ఏమీ లేవు.

"కనిపిస్తాండాడా నాయనా?"

"ఆ, కనిపిస్తాండాడు. ఈడ్నుంచి రోడ్డంతా కనిపిస్తాది. మొదటి మలుపు తిరిగినాడు. నిదానంగానే పోతాండాడు మా, నువ్వు ఊరికే ఇదయితాండావు. రెండోది గూడా తిరిగినాడు. ఎనక లైటు ఎలిగింది, తొక్కినాడు. మళ్ళా తొక్కినాడు. ఎందుకో ఊరూరికే తొక్కుతాండాడు."

మెత్తగా ఉన్న బ్రేకును మూడు నాలుగు సార్లు తొక్కితే గట్టిపడుతుంది. నేను నోట్లో లెక్కపెడుతున్నాను, చిన్నప్పటిలా, వెనక సీటులోంచి.

"సంజీవప్పా!" అని అరిచాడు నాయన. ఆయన అంత గట్టిగా అరవడం పుట్టి ఎన్నడూ వినలేదు. నాతో కాదు. ఫోను చేతిలో ఉందని కూడా మర్చిపోయినట్టున్నాడు, మళ్ళీ ఒకసారి అరిచాడు, ఈసారి పేరు పూర్తిగా రాలేదు, ఆ తర్వాత గాలి చప్పుడు, ఆ గాలిలో ఆయన ఊపిరి.

రైలు కదిలి పెనుకొండ స్టేషనులోకి మెల్లగా పోతోంది. ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాను, అవతల ఆయన కూడా ఉన్నాడు. నాయనా ఏమైంది అని నేను అడగలేదు. అడిగితే చెబుతాడు.